నీళ్లలో మూడోది: శాస్త్రంతో డి.హెచ్. లారెన్స్ తగువు

నెల్లూరు జిల్లా తీరంలో, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు మండలాల్లో రొయ్యల రైతుకు తెల్లవారకముందే పని మొదలవుతుంది. రాత్రంతా నాచూ రొయ్యలూ పీల్చుకోగా గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయే వేళ అది. ఏరియేటర్లు తిరుగుతుంటాయి. చేతిలో టెస్ట్ కిట్ ఉంటుంది. పీహెచ్ ఏడున్నరకూ ఎనిమిదిన్నరకూ మధ్య ఉందా, లీటరు నీటిలో ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకు తగ్గలేదు కదా, ఉప్పదనం ఎంతుంది, అన్నీ చూసి పుస్తకంలో రాసుకుంటాడు. ఆ తర్వాత కట్ట మీద నిలబడి ఊరికే నీళ్ల వంక చూస్తాడు. అంకెలన్నీ సరిగ్గా ఉన్న రోజున కూడా ఒక్కోసారి "నీళ్లు బాగలేవు" అంటాడు. ఏం బాగలేదని అడిగితే రంగంటాడు, వాసనంటాడు, మేత చూసే చెక్ ట్రేలో రొయ్య కదలికంటాడు. చివరికి మాట దొరక్క చెయ్యి గాల్లో తిప్పి ఊరుకుంటాడు.

ఇంగ్లీషు రచయిత డి.హెచ్. లారెన్స్ 1929లో తెచ్చిన 'పాన్సీస్' సంపుటిలో నాలుగైదు పంక్తుల కవిత ఒకటుంది. నీళ్లంటే హెచ్2ఓ, రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్. అయితే వాటిని నీళ్లుగా చేసే మూడోది ఇంకోటుంది, అదేమిటో ఎవరికీ తెలియదు అంటాడు అందులో. రసాయనశాస్త్రం చదివినవాళ్లకు ఈ మాట చిరాకు పుట్టిస్తుంది. నీటి గుణాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అణువుల మధ్య బంధాలతోనే చెప్పవచ్చు, మూడో పదార్థంతో పని లేదు. నిజమే. ఆ కవితను పదార్థాల లెక్కగా చదివితే అందులో మిగిలేది తప్పే. కట్ట మీది రైతు గాల్లో తిప్పిన చేతిని గుర్తు పెట్టుకుని చదివితే వేరే సంగతి కనబడుతుంది. ఆ రైతు పసిగట్టినదాంట్లో కొంత భాగం ల్యాబ్‌లో సూక్ష్మజీవుల లెక్కగా రేపు తేలవచ్చు. అదంతా తేలిన తర్వాత కూడా ఒకటి మిగులుతుంది: ఆ నీళ్లకూ అతనికీ మధ్య ఉన్నది. వైట్‌స్పాట్ తెగులుకు పోయిన పంట, తెచ్చిన అప్పు, నిద్ర లేని రాత్రులు, పిల్లలు పుట్టకముందు నుంచీ అదే నీళ్లను చూస్తున్న కళ్లు. లారెన్స్ మూడోది అన్నది ఈ సంబంధాన్నే. కళకు సంబంధించిన అతని వాదమంతా ఈ చిన్న కవితలో ముడుచుకుని ఉంది.

తెలుగులో లారెన్స్ పేరు వేరే దారిన వచ్చింది. 1928 నాటి 'లేడీ చాటర్లీస్ లవర్', దాని మీద కేసులు, 1964లో అదే పుస్తకం అమ్మిన బొంబాయి దుకాణదారుడి నేరాన్ని మన సుప్రీంకోర్టు ఖాయం చేయడం, చలం ప్రస్తావన వచ్చినప్పుడు పక్కన ఇతని పేరు కూడా వినబడటం, ఇంతవరకే చాలామందికి తెలుసు. శాస్త్రంతో అతను జీవితమంతా పడిన తగువు మన దగ్గర చర్చకు రాకపోవడానికి ఇంకో బలమైన కారణం కూడా ఉంది. తెలుగు నేల మీద శాస్త్రీయ దృష్టి విముక్తిగా వచ్చింది. మూఢనమ్మకాలతో, కులంతో, బాల్యవివాహాలతో పోరాడినవాళ్ల చేతిలో అది ఆయుధం. అందుకే శాస్త్రాన్ని ప్రశ్నించే రచయిత ఎవరైనా మనకు ముందు చాందసుడిలాగే అనిపిస్తాడు. మన ఆధునిక కవుల తిరుగుబాటు కూడా వేరేవాటి మీద. నెల్లూరువాడైన పఠాభి 1939లో 'ఫిడేలు రాగాల డజన్' తెచ్చినప్పుడు దుడ్డుకర్ర దెబ్బలు తిన్నవి ఛందస్సూ వ్యాకరణమూ. ఇంగ్లండులో లారెన్స్ కలం పట్టేనాటికి సాహిత్యం మీద పెత్తనం చేస్తున్నవాటిలో మరొకటి చేరింది: ఏ సంబంధమూ లేకుండా బయట నిలబడి చూసే కన్నే అసలైన కన్ను అనే నమ్మకం. అతని తగువు దానితో.

శాస్త్రం తెలియక శాస్త్రాన్ని తిట్టినవాళ్లలో అతన్ని కలపకూడదు. 1885లో ఈస్ట్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్లో గనికార్మికుడి కొడుకుగా పుట్టాడు. 1906 నుంచి 1908 దాకా నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. అక్కడ అతనికి బాగా నచ్చిన చదువు వృక్షశాస్త్రం. ఆ తర్వాత క్రాయ్‌డన్‌లో మూడేళ్లు బడిపంతులుగా పనిచేశాడు. పువ్వును కోసి కేసరాలు లెక్కపెట్టడం, సూక్ష్మదర్శిని కింద పలక పెట్టడం అతను చేతులారా చేసిన పనులు.

1915లో వచ్చిన 'ది రెయిన్‌బో' నవల చివరి భాగంలో కథానాయిక అర్సులా కాలేజీ ప్రయోగశాలలో కూర్చుని సూక్ష్మదర్శినిలోంచి ఏకకణ జీవినొకదాన్ని చూస్తుంది. భౌతికశాస్త్రం బోధించే డాక్టర్ ఫ్రాంక్‌స్టోన్ కొద్ది రోజుల కిందట ఆమెతో అన్న మాటలు మనసులో తిరుగుతుంటాయి. ప్రాణానికి ఏదో ప్రత్యేకమైన రహస్యాన్ని అంటగట్టడం ఎందుకు, విద్యుత్తు అర్థమైనంతగా కూడా అది మనకు ఇంకా అర్థం కాకపోవచ్చు, అంత మాత్రాన అది వేరే జాతి వస్తువైపోదు, భౌతిక రసాయన చర్యల చిక్కుముడి మాత్రమే అన్నది ఫ్రాంక్‌స్టోన్ వాదం. అది గట్టి వాదం. లారెన్స్ దాన్ని వెక్కిరించలేదు, బలహీనపరిచి రాయలేదు. అర్సులా అద్దం కింద మెరుస్తున్న ఆ చుక్కను చూస్తూ తనను తాను అడుగుతుంది: ఇది కొన్ని శక్తుల కలయికే అయితే, ఆ శక్తులను ఒకచోట పట్టి ఉంచుతున్నది ఏది? దేనికోసం? దానికి తానుగా ఉండాలని ఉంది అని ఆమెకు తోస్తుంది. ఆ క్షణంలో ప్రయోగశాల మాయమై కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగులోకి వెళ్లిపోతుంది.

ఈ ఘట్టంలో గమనించాల్సింది ఒకటుంది. ఆ వెలుగు ఆమెకు కొండ మీదో గుళ్లోనో దొరకలేదు, సూక్ష్మదర్శిని గొట్టంలోంచే దొరికింది. పరికరం లేకపోతే ఆ జీవే కనబడదు. లారెన్స్ పరికరాన్ని పగలగొట్టడు. పరికరం చూపించింది పూర్తయ్యాక కూడా చూడటం పూర్తికాలేదని మాత్రం అంటాడు. శాస్త్రవిరోధి అనే ముద్ర వేసేముందు ఈ నాలుగు పేజీలు చదివితే, ఆ ముద్ర ఎంత మొరటుదో తెలుస్తుంది. ఆ నవలకు వేరే గతి పట్టింది. అశ్లీలమని కోర్టు ఆదేశిస్తే, అచ్చయిన రెండు నెలలలోపే ప్రతులను తగలబెట్టారు.

అతను ఎదిరించిన పెత్తనం ఫ్రాన్సులో మొదలైంది. వైద్యశాస్త్రంలో ప్రయోగపద్ధతి గురించి క్లాడ్ బెర్నార్డ్ 1865లో ఒక పుస్తకం రాశాడు. 1880లో నవలాకారుడు ఎమిల్ జోలా దాన్ని పట్టుకుని, నవలాకారుడు కూడా ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుడి వంటివాడేనని వాదించాడు. పాత్రకు ఫలానా వంశం, ఫలానా పరిసరం ఇచ్చి ఏమవుతుందో చూడటమే నవల. అంతకుముందే ఇంకో ఫ్రెంచి నవలాకారుడు ఫ్లాబేర్, రచయిత దేవుడిలా అంతటా ఉండాలి గాని ఎక్కడా కనబడకూడదన్నాడు. 1913లో జర్మన్ రచయిత థామస్ మాన్ గురించి రాస్తూ లారెన్స్ ఫ్లాబేర్‌ను కూడా పట్టుకున్నాడు: కుష్ఠురోగాన్ని చూసి తప్పుకున్నట్టు జీవితాన్ని చూసి తప్పుకున్నాడని.

మన విమర్శలో దీనికి సంబంధించిన మాటలు మూడున్నాయి: వస్తునిష్ఠ, నిష్పాక్షికత, తటస్థత. మూడింటినీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం. "రచయిత ఎక్కడా జోక్యం చేసుకోలేదు" అని ఒక సమీక్షలో మెచ్చుకుంటాం, "శాస్త్రీయ దృక్పథం లోపించింది" అని ఇంకో సమీక్షలో తప్పు పడతాం. ఈ మూడు మాటల్లో తటస్థత దగ్గర కాస్త ఆగాలి. తటం అంటే ఒడ్డు. తటస్థుడంటే ఒడ్డున నిలబడ్డవాడు. పెన్నలో నీళ్లు లేని రోజున ఒడ్డెక్కడో, ఏరెక్కడో ఇసుకలో తెలియను కూడా తెలియదు. ఏరు వచ్చిన రోజున ఒడ్డు ఎక్కడ ఉండాలో ఏరే చెబుతుంది. లారెన్స్ అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. మనిషి గురించి రాసే మనిషికి కదలని ఒడ్డు ఎక్కడ దొరుకుతుందని అతని ప్రశ్న.

ఈ ప్రశ్న పెన్న ఒడ్డునే బతికిన తిక్కన దగ్గర ఇంకో రూపంలో పనికొస్తుంది. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన నాటకీయ శైలికి పేరుపడ్డాడు. తాను ముందుకొచ్చి వ్యాఖ్యానించడు, పాత్రలనే మాట్లాడిస్తాడు. పైపైన చూస్తే ఫ్లాబేర్ చెప్పింది ఆరువందల యేళ్ల ముందే నెల్లూరులో జరిగిందనిపిస్తుంది. ఉద్యోగపర్వంలో రాయబారానికి బయల్దేరుతున్న కృష్ణుడి ముందు ద్రౌపది తన జుట్టు చేతబట్టి మాట్లాడే చోట కవి ఎక్కడా కనిపించడు. అయినా ఆ పద్యాల్లో చల్లదనం లేదు. కవి అక్కడ ఒడ్డున లేడు, ఆమె గొంతులో ఉన్నాడు. దుర్యోధనుడి వంతు వచ్చినప్పుడు అతని గొంతులోనూ ఉంటాడు. కనిపించకపోవడం వేరు, తప్పుకుని నిలబడటం వేరు. మన సమీక్షలు ఈ రెంటినీ కలిపేస్తున్నాయి.

లారెన్స్ 1920ల్లో రాసిన వ్యాసాల్లో అతని ఆలోచన బాగా పదునెక్కింది. 1925 నాటి ఒక వ్యాసంలో కొడాక్ కెమెరా గురించి మాట్లాడతాడు. ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ గీసిన ఆపిల్ పళ్ల బొమ్మ చూసి మామూలు మనిషికి ఎందుకు కోపం వస్తుంది? ఆ పళ్లు కెమెరాలో పడ్డట్టు లేవు గనుక. కెమెరాలో పడ్డట్టు ఉండటమే నిజంగా ఉండటమని మనిషి ఎప్పుడు నమ్మాడు? గ్రీకుల కాలం నుంచి కళ్లకు ఆ అలవాటు నేర్పుకుంటూ వచ్చామని, ఆ అలవాటుకు చివరిమెట్టుగా కొడాక్ దొరికిందని అతని వాదం. చూపు కెమెరా వైపు ఎదిగినకొద్దీ మనిషి తన గురించి తాను అనుకునేది కూడా ఫొటో వైపే ఎదిగిందంటాడు. ప్రతివాడూ తనకు తాను ఒక బొమ్మ అయిపోయాడు. నెల్లూరు ట్రంకు రోడ్డులో వంటి మీది చొక్కా సర్దుకుంటూ ఫోను ఎత్తి పట్టుకున్న కుర్రాణ్ణి చూసినప్పుడు ఆ మాటకు నూరేళ్ల వయసని నమ్మబుద్ధి కాదు.

వాదనలో అసలు బలం ఇది: మనం వస్తునిష్ఠ అని పిలిచేది వస్తువులోంచి వచ్చింది కాదు, మనం నేర్చుకున్న ఒక చూపు. కెమెరాకు ఒకే కన్నుంటుంది, కదలదు, ఒక్క క్షణమే చూస్తుంది, ముట్టుకోదు, వాసన చూడదు, ఆకలి లేదు. ఈ లోపాలన్నిటినీ కలిపి మనం సత్యమని పేరు పెట్టుకున్నాం. సెజాన్ నలభై యేళ్లు ఆ నేర్చుకున్న చూపుతో కుస్తీ పట్టి, చివరికి ఒక ఆపిల్‌ను పూర్తిగా, ఒకటి రెండు కూజాలను కొంతవరకు తెలుసుకోగలిగాడని 1929లో తాను గీసిన చిత్రాల పుస్తకానికి రాసిన పెద్ద ముందుమాటలో లారెన్స్ అంటాడు. నలభై యేళ్లకు ఒక పండు. ఈ లెక్క చదివినప్పుడు నవ్వు రాకూడదు. ఆ చిత్రాల ప్రదర్శన మీదే ఆ యేడు జూలైలో లండన్ పోలీసులు దాడి చేసి 13 బొమ్మలు పట్టుకుపోయారు.

ఆపిల్ మన పండు కాదు గనుక ఒంగోలు గిత్తను తీసుకుందాం. పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఈ జాతి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటి పేరు నెలోర్, మన నెల్లూరే. ఆ దేశపు మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ జాతివే. వియాటినా-19 అనే నెలోర్ ఆవు సుమారు 1,100 కిలోలు తూగింది. 2023లో జరిగిన వేలాన్ని బట్టి దాని ధర 40 లక్షల డాలర్లు దాటిందని లెక్కకట్టారు. దాని ఫొటో ప్రకాశం జిల్లా ఫోన్లన్నిట్లో తిరిగింది. తెల్లటి పర్వతంలా నిలబడ్డ ఆవు, పక్కన అంకె. ఫొటో అబద్ధం కాదు, అంకె అబద్ధం కాదు. ఆ జాతిని నిలబెట్టడానికి, రోగం రాకుండా చూడటానికి, మంచి దూడలు పుట్టించడానికి ఆ అంకెలే కావాలి. ఇక్కడ మాత్రం ఆ పశువును చూసే తీరు వేరుగా ఉండేది. మూపురం, గంగడోలు, కాళ్ల పొందిక, సుళ్లు, నడక, కాడి కింద మెడ పెట్టేటప్పటి దాని తీరు. బండలాగుడు పందేల్లో రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్ల విభాగాలుంటాయి, బండ ఎన్ని అడుగులు జరిగిందో మైకులో చెబుతారు. అక్కడా కొలతే. కానీ జతను తోలేవాడు తన గిత్తను చూసే చూపులో అడుగుల లెక్క ఎంత? వాన్ గో పొద్దుతిరుగుడు పువ్వు గీసినప్పుడు చూపించింది పువ్వును కాదు, ఆ క్షణాన ఆ మనిషికీ ఆ పువ్వుకూ మధ్య కుదిరిన సజీవ సంబంధాన్ని అని లారెన్స్ రాశాడు. ఆ సంబంధం కాన్వాసు మీదా ఉండదు, పువ్వులోనూ ఉండదు, కెమెరాకు దొరకదు. ఒంగోలు గిత్త బొమ్మలు వేలకొద్దీ వచ్చాయి: క్యాలెండర్ల మీద, కూడళ్లలో సిమెంటు విగ్రహాలుగా. వాటిలో చాలావాటిలో మూపురం కొలత సరిగ్గానే ఉంటుంది.

ఇక్కడిదాకా వచ్చిన పాఠకుడికి ఒక అనుమానం రావాలి. సంబంధమే సత్యమైతే, రచయిత తనకు తోచింది రాసేయవచ్చా? తన ఇష్టాయిష్టాలే కొలబద్దా? లారెన్స్ జవాబు ఈ చోట ఎదురుతిరుగుతుంది, అతన్ని చదవడానికి పెద్ద కారణం కూడా ఇదే. 1925లోనే నవలా నీతి గురించి రాసిన వ్యాసంలో నవలను తక్కెడతో పోలుస్తాడు. నవలలో అన్నీ వణుకుతూ తూగుతూ ఉండాలి. నవలాకారుడు తనకు నచ్చిన వైపు సిబ్బిలో బొటనవేలు పెట్టి నొక్కితే అది అవినీతి. ప్రేమ గొప్పదని నొక్కినా అవినీతే, ద్వేషం గొప్పదని నొక్కినా అవినీతే. ఏ మంచి ఉద్దేశంతో నొక్కినా సరే. వడ్లు తూచేటప్పుడు వేలు పెట్టే దళారిని చూసిన ఊళ్లకు ఈ పోలిక వివరించనక్కర్లేదు. శాస్త్రవేత్త వస్తునిష్ఠ వద్దన్నవాడు, దానికంటే కఠినమైన నిష్పాక్షికతను రచయిత ముందు పెట్టాడు. శాస్త్రవేత్త ఇష్టాయిష్టాలను పక్కన పెట్టి తూస్తాడు. రచయిత ఇష్టాయిష్టాలతో సహా తక్కెడ ముందు కూర్చోవాలి, వేలు మాత్రం పెట్టకూడదు. ఆ రెండో పని ఎక్కువ కష్టం.

నెల్లూరు రొట్టెల పండగను కథగా రాయాలనుకున్న రచయిత పరిస్థితి చూడండి. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో లక్షలమంది దిగుతారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, పెళ్లి రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె. మతం అడగరు. రొట్టె తిన్నందుకు వీసా రాదని నిరూపించడం కష్టమేమీ కాదు. తీరని కోరికలవాళ్లు మళ్లీ రొట్టె ఇవ్వడానికి రారు గనుక ఒడ్డున కనబడేవాళ్లంతా తీరినవాళ్లే అని లెక్కలు తెలిసినవాళ్లు చెబుతారు. అది సరైన మాట, చెప్పాల్సిన మాట. కానీ ఆ మాటను రుజువు చేయడానికే కథ రాసినవాడు సిబ్బిలో వేలు పెట్టినట్టే. మహిమను రుజువు చేయడానికి రాసినవాడూ అంతే. పెళ్లయి ఎనిమిదేళ్లయిన స్త్రీ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ముక్కూ ముఖం తెలియని ఇంకో స్త్రీ చేతిలోంచి సంతాన రొట్టె అందుకునే క్షణంలో ఆ రెండు చేతుల మధ్య ఏదో జరుగుతుంది. ఇచ్చే ఆమె చంకలో బిడ్డ ఉంటుంది. తీసుకునే ఆమె ఆ బిడ్డను చూస్తుంది. అక్కడ నమ్మకం ఉంది, సిగ్గుంది, అత్తగారి మాటలున్నాయి, ఆసుపత్రి బిల్లులున్నాయి, ఏమీ కాదేమో అన్న భయం ఉంది. వీటిలో దేన్నీ తొక్కిపెట్టకుండా రాయగలిగితే, ఆ కథ హేతువాదికీ భక్తుడికీ ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది. లారెన్స్ కోరిన తూకం అది. మనకు అటువంటి కథలు తక్కువ. రెండు వైపులా వేళ్లున్న కథలు ఎక్కువ.

ఇదే జిల్లా ఈ సిద్ధాంతానికి ఒక గట్టి ఎదురుదెబ్బ కూడా ఇస్తుంది, దాన్ని దాచి లారెన్స్‌ను పొగడటం సరికాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడుల వాచకాల్లో సారా వల్ల చితికిన ఒక ఇల్లాలి కథ, సీతమ్మ కథ, పాఠంగా ఉండేది. దూబగుంట ఆడవాళ్లు అటువంటి పాఠాలు చదివి, మాట్లాడుకుని, 1992లో ఊళ్లో సారా కొట్టు మూయించారు. రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారా అమ్మకాల అంకెలు ఎక్సైజు శాఖ దగ్గర అంతకుముందూ ఉన్నాయి. కొట్టు మూయించింది అంకెలు కాదు, కథ. ఈ మేరకు లారెన్స్ మాట గెలిచింది. కానీ ఆ కథ ఎటువంటిది? ఒక ప్రయోజనం కోసం, ముందే తేల్చుకున్న తీర్పుతో, సిబ్బిలో అయిదు వేళ్లూ పెట్టి రాసిన కథ. అతని లెక్కలో అది నీతిమాలిన రచన. ఆ ఊరి ఆడవాళ్ల జీవితాల్లో అది వెలుగు. తక్కెడ అప్పటికే ఒక పక్కకు పూర్తిగా ఒరిగిపోయి ఉన్నచోట వేలు పెట్టడం న్యాయం కావచ్చన్న సంగతి లారెన్స్ వ్యాసాల్లో ఎక్కడా గట్టిగా ఎదురుకాదు. నవలకు ఆ నియమం పెట్టి ఉంచుదాం. రాత్రిబడి వాచకానికి అది వర్తించదు.

అతనిలో ఇంకా కొన్ని పరస్పర విరుద్ధాలున్నాయి. 1914 జూన్‌లో తన రచనలను సరిచూసే ఎడ్వర్డ్ గార్నెట్‌కు రాసిన ప్రసిద్ధమైన ఉత్తరంలో, తన నవలలో పాత్రల పాత స్థిరమైన అహాన్ని వెతకవద్దంటాడు. వజ్రమూ బొగ్గూ రెండూ కార్బనే. మామూలు నవల వజ్రం చరిత్ర రాస్తుంది, నా వస్తువు మాత్రం కార్బన్ అంటాడు. బొగ్గుగని కార్మికుడి కొడుకు రాసిన పోలిక ఇది. రసాయనశాస్త్రం నుంచి నేరుగా తెచ్చుకున్నాడు. స్త్రీకి మనసులో ఏమనిపిస్తుందో నాకు అంతగా అక్కర్లేదు, భౌతికంగా, అమానుషంగా ఆమె ఏమిటన్నదే కావాలన్నాడు అదే ఉత్తరంలో. శాస్త్రం చల్లదనాన్ని తిట్టినవాడే ఆ చల్లదనాన్ని అరువు తెచ్చుకున్నాడు. 1921లో ఐన్‌స్టీన్ గురించి చదివి, రెపరెపలాడే మన చిన్న విశ్వాన్ని గుచ్చి ఉంచిన సూదిని అతను పీకేశాడని సంబరపడ్డాడు. చంపి అట్టకు గుచ్చిన సీతాకోకచిలుక ఆ పోలిక వెనక ఉంది. కదలని ఒడ్డు లేదని భౌతికశాస్త్రమే ఒప్పుకుందని అతని సంతోషం. సాపేక్ష సిద్ధాంతం చెప్పింది సరిగ్గా అది కాదు. ఎవరి లెక్క వారిదే అని ఆ సిద్ధాంతం అనదు, కొలిచేవాళ్లు మారినా మారని నియమాలను చెబుతుంది. లారెన్స్ తనకు కావలసింది తీసుకున్నాడు. ఆధునికులంతా అతని పక్కన లేరు కూడా. కవి టి.ఎస్. ఎలియట్ 1919లో కవి మనసును రసాయన చర్యలో తాను మారకుండా ఉండే ప్లాటినం తీగతో పోల్చాడు. లారెన్స్ దృష్టిలో మారకుండా ఉండే తీగ కవి కాదు.

అతను దారి తప్పిన చోట్లు ఇంతకంటే పెద్దవి. 1922 నాటి 'ఫాంటేసియా ఆఫ్ ది అన్‌కాన్షస్'లో శరీరం గురించి, సూర్యచంద్రుల గురించి అతను చెప్పినవి సత్యంగా నిలబడేవి కావు. అతని స్నేహితుడు, రచయిత ఆల్డస్ హక్స్‌లీ ఒక సంగతి రాశాడు. పరిణామ సిద్ధాంతానికి సాక్ష్యాలు చూడమంటే, సాక్ష్యాలతో నాకు పని లేదు, ఇక్కడ నాకు అది తోచడం లేదని లారెన్స్ పొట్ట మీద చేతులు నొక్కి చూపించేవాడట. కళలో ఆ చేతులకు విలువుంది, జీవుల చరిత్రలో లేదు. మేధ కంటే రక్తమే తెలివైనదని అతను 1913లోనే ఒక ఉత్తరంలో రాశాడు. 1915లో అతనితో కొంతకాలం కలిసి పనిచేసి తెగతెంపులు చేసుకున్న తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్, ఆ రక్తవాదం నేరుగా నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌కు దారితీసిందని తర్వాతి కాలంలో రాశాడు. లారెన్స్ 1930లో, నాజీలు అధికారంలోకి రాకముందే పోయాడు. రస్సెల్ తీర్పులో పాత కోపం కూడా కలిసింది. అయినా ఆ హెచ్చరికను తోసెయ్యలేం. సాక్ష్యం అడగని రక్తం ఎవరి చేతిలో పడితే వారి మాట వింటుంది. తన ఊపిరితిత్తుల జబ్బును క్షయ అనడానికి లారెన్స్ చివరిదాకా ఇష్టపడలేదు. 44 యేళ్ల వయసులో ఫ్రాన్సులోని వాన్స్‌లో దానితోనే చనిపోయాడు.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద దగ్గర, తోచడానికి విలువున్న చోటుకూ అంకె కావలసిన చోటుకూ మధ్యనున్న గీత స్పష్టంగా కనబడుతుంది. సోమశిల జలాశయం నుంచి లక్షల క్యూసెక్కులు వదిలారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు నీళ్లు. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది, నెల్లూరు నగరంలో ఒడ్డునున్న కాలనీలు మునిగాయి. ఆ రాత్రి మనుషులకు కావలసింది క్యూసెక్కుల అంకె, అదీ ముందుగా. ఆ అంకెను పొట్ట మీద చేతులు పెట్టుకుని తేల్చేవాడు ఆ ఒడ్డున ఉండకూడదు. వరద తగ్గాక, బురద పట్టిన గోడ మీద నీటిగీత చూసుకుంటూ నిలబడ్డ మనిషికి మాత్రం క్యూసెక్కు ఏమీ చెప్పదు. 'ది రెయిన్‌బో'లో కూడా ఒక వరద ఉంది. కాలవకట్ట తెగి రాత్రివేళ నీళ్లు మీద పడితే, తాగి ఇంటికొచ్చిన టామ్ బ్రాంగ్వెన్ తన వాకిట్లోనే మునిగి చనిపోతాడు. ఎన్ని ఘనపుటడుగుల నీళ్లో లారెన్స్ రాయలేదు. చీకట్లో కాళ్లకు తగిలిన నీళ్లను చూసి ఇవెక్కడివని టామ్ ఆశ్చర్యపోవడం రాశాడు.

ఈ రెండు చూపులూ ఒకే గదిలో కలిసిన చోటు అతని రచనల్లోనే ఒకటి ఉంది. 1920లో వచ్చిన 'విమెన్ ఇన్ లవ్'లో అర్సులా బడిలో టీచరు. హేజెల్ చెట్టు పూలగుత్తుల పాఠం చెబుతుంటే పాఠశాలల తనిఖీ అధికారి బిర్కిన్ వస్తాడు. పిల్లలు ఆ పూలను పెన్సిలుతో గీస్తుంటారు. రంగు సుద్దలు ఇవ్వమంటాడు బిర్కిన్, ఆడపువ్వుకు ఎరుపు, మగపువ్వుకు పసుపు. చుట్టూ గీసే గీత ఎలా ఉన్నా పరవాలేదు, పిల్లల మనసుకు పట్టాల్సింది ఆ ఒక్క సంగతే అంటాడు. మన పాదుల్లో గుమ్మడిపువ్వు కింద పిందె ఉందో లేదో చూసి ఏది కాయ కాస్తుందో చెప్పే అమ్మమ్మ చేసేదీ ఇదే పాఠం. బిర్కిన్ చెప్పింది వృక్షశాస్త్రం, అందులో తప్పు లేదు. పిల్లలు దిద్దేది ఒక బొమ్మ, అది ఫొటోలా ఉండదు. హేజెల్ ఆడపువ్వు చాలా చిన్నది, మొగ్గ కొసన ఎర్రటి దారప్పోగుల్లా ఉంటుంది. అర్సులా దగ్గరికి వంగి చూస్తుంది, ఆ ఎరుపును.